ఎలీసబెతు ఇంటికి
(రేడియో ప్రసంగ పాఠము)

 వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ ప్రాంతాల్లో, చుట్టుపక్కల తండాల్లో ఈ కార్యక్రమం వింటున్న ప్రతి కుటుంబాన్నీ దేవుడు దీవించును గాక.

ఈ పూట చెప్పబోయే సంగతి మన గుళ్లలో మైకు పెట్టి మాట్లాడుకునేది కాదు. పక్కన పిల్లలుంటే బయటికి పంపకండి. పన్నెండేళ్లు దాటినవాళ్లు ఉంటే దగ్గర కూర్చోబెట్టుకోండి. వాళ్ల కోసమే ఈ మాటలు.

పోయిన నెలలో మా కార్యక్రమం ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది ఆ బిడ్డ. "అయ్యగారూ, నెల తప్పి పదకొండు రోజులైంది. ఇంట్లో తెలిస్తే చంపేస్తారు. బొప్పాయి తింటే పోతుందంట, నిజమేనా? ప్రార్థన చేయండి." అంతే. ప్రార్థన చేశాను. జవాబు రాశాను. ఆ జవాబులో రాసిన సంగతులు ఆ ఒక్క బిడ్డకే కాదు, చాలామందికి అవసరమని నా మనసుకు తోచింది.

లూకా సువార్త మొదటి అధ్యాయము మీకు తెలుసు. మరియకు దూత కనబడిన తరువాత ఆమె చేసిన మొదటి పని ఏమిటి? క్రిస్మస్ నాటకంలో ఆ భాగం మనం త్వరగా దాటేస్తాం. ఆమె లేచి, త్వరపడి, కొండసీమకు ప్రయాణమై వెళ్లింది. నజరేతు నుండి యూదా కొండలంటే పక్కవీధి కాదు, కొన్ని రోజుల ప్రయాణం. ఎవరి దగ్గరికి? తన బంధువురాలు ఎలీసబెతు దగ్గరికి. ఆమె వయసు మళ్లిన స్త్రీ. ఏళ్ల తరబడి గొడ్రాలని ఊరి నోట పడిన మనిషి. అవమానమంటే ఏమిటో పుస్తకంలో చదివి కాదు, అనుభవించి తెలుసుకున్నది. మరియ ఆ ఇంట సుమారు మూడు నెలలు ఉంది.

మరియ సంగతి వేరు, మన పిల్లల సంగతి వేరు, నాకు తెలుసు. మరియ గర్భము పరిశుద్ధాత్మ వలన కలిగినది. ఆ రెండింటినీ ఒకే గాట కట్టడానికి నేను సాహసించను. అయితే నజరేతులో వాళ్లకు ఆ తేడా ఏం తెలుసు? వాళ్ల కళ్లకు కనబడింది ఒక్కటే: పెళ్లి ప్రధానమైన పిల్ల, ఇంకా కాపురానికి వెళ్లని పిల్ల, గర్భవతి. ఆ భయం మరియకు తెలుసు. అంత భయంలో ఆమె చేసిన తెలివైన పని ఏమిటంటే, ఒంటరిగా ఉండిపోలేదు. తనను తిట్టని ఒక పెద్ద మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది, అదీ త్వరపడి.

బిడ్డా, నీకు నెల తప్పిందేమోనని భయంగా ఉంటే, ముందు నా మాట విను. నెల తప్పడమంటే ప్రతిసారీ గర్భమే కాదు. పరీక్షల ఒత్తిడికి తప్పుతుంది. బాగా బరువు తగ్గినా పెరిగినా తప్పుతుంది. థైరాయిడ్ తేడా ఉంటే, పీసీఓడీ ఉంటే తప్పుతుంది. టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి పోయాక కూడా ఒక్కోసారి ఆలస్యమవుతుంది. పురుషునితో కలయిక జరగకుండా గర్భం రాదు. చెయ్యి పట్టుకుంటేనో, ముద్దు పెట్టుకుంటేనో రాదు. ఇది చెప్పాలా అని నవ్వుకునే పెద్దలున్నారు. కాలేజీ పిల్లలు కూడా మమ్మల్ని ఈ ప్రశ్న అడుగుతున్నారు, అందుకే చెప్తున్నాను.

కలయిక జరిగి ఉంటే ఊహల్లో ఉండకు, పరీక్ష చేసుకో. మెడికల్ షాపులో చిన్న పట్టీ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ అనే పేరుతో సర్కారు వారు ఇచ్చే కిట్ ఉంటుంది, దానికి డబ్బు లేదు. రావలసిన తేదీ దాటిన తరువాత, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రంతో చేసుకోవాలి. కిట్ మీద రాసినన్ని చుక్కలు వేసి, రాసినంత సేపు ఆగి చూడాలి. ఒక గీత వస్తే గర్భం లేనట్టు. రెండు గీతలు వస్తే ఉన్నట్టు. రెండో గీత మసకగా వచ్చినా అది గీతే, దాన్ని లేదనుకోవద్దు. ఒక్క గీతే వచ్చి, వారం దాటినా నెలసరి రాకపోతే మళ్లీ ఒకసారి చూసుకో. మీ ఊరి షాపులో అడగడానికి సిగ్గయితే వికారాబాద్ పిల్ల తాండూరులో కొనుక్కోవచ్చు, తాండూరు పిల్ల వికారాబాద్‌లో కొనుక్కోవచ్చు. రైలు ఎక్కితే ఎంత దూరం? మరియ నడిచినంత దూరం కాదుగా.

కలయిక జరిగి ఇంకా మూడు రోజులు దాటలేదంటే, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఒకటి ఉంది. ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. అది గర్భం రాకుండా ఆపే మాత్ర, వచ్చిన గర్భాన్ని తీసేసే మాత్ర కాదు. ఈ రెండింటినీ కలిపేసి చాలామంది తికమకపడుతున్నారు. నెల తప్పిన తరువాత దాన్ని మింగి ప్రయోజనం లేదు.

ఇంకొక లెక్క చెప్తాను. గర్భం వారాలను డాక్టర్లు కలయిక జరిగిన రోజు నుండి లెక్కించరు, చివరి నెలసరి మొదలైన రోజు నుండి లెక్కిస్తారు. ఆ మెసేజ్ పంపిన బిడ్డకు నెల తప్పి పదకొండు రోజులు. అంటే నెలనెలా సరిగ్గా వచ్చే మనిషైతే, డాక్టరు లెక్కలో అప్పటికే అయిదు వారాలు దాటింది. మనం పది రోజులేగా అనుకుంటాం. కాలం మన లెక్క ప్రకారం నడవదు. ఈ సంగతిలో ఆడపిల్లల్ని ఎక్కువగా దెబ్బ తీసేది పాపం కాదు, డబ్బు లేకపోవడం కాదు, ఆలస్యం. ఈ వారం చెప్తాను, వచ్చే వారం చెప్తాను, పరీక్షలయ్యాక చెప్తాను అంటూ అయిదో నెల వచ్చేదాకా దుప్పటి కప్పుకుని దాచుకుంటారు. అప్పటికి దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి.

ఇప్పుడు బొప్పాయి సంగతి. బొప్పాయి తిని, నువ్వులు బెల్లం తిని గర్భం పోగొట్టుకోవచ్చనుకోవడం వట్టి మాట. వాటితో పోయేది సమయమే. అయితే అంతకంటే ప్రమాదమైనవి ఉన్నాయి. యూట్యూబ్‌లో చూసి, మెడికల్ షాపులో వెనక చేతి కింద మాత్రలు కొనుక్కుని మింగుతారు. ఆర్‌ఎంపీ దగ్గరికి రాత్రిపూట వెళ్తారు. వెనకటి రోజుల్లో జిల్లేడు పుల్లలు వాడి ఎందరు తల్లులు సెప్టిక్ అయి పోయారో మన పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. గర్భం తీసే మాత్రలు ఉన్న మాట నిజమే. కానీ డాక్టరు చూసి, ఎన్ని వారాలో తేల్చి, గర్భసంచిలోనే గర్భం ఉందని నిర్ధారించుకున్న తరువాత ఇవ్వవలసినవి అవి. కొందరిలో గర్భం సంచిలో కాక పక్కనున్న నాళంలో నిలుస్తుంది. ఇంట్లో కూర్చుని మాత్ర మింగితే అది పోదు. నాళం చిట్లితే లోపల రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, భుజంలో నొప్పి, ఆగకుండా రక్తం పోవడం, చలితో జ్వరం, వీటిలో ఏది కనబడినా సిగ్గు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. మాత్ర మింగి ఉంటే మింగానని డాక్టరుకు చెప్పు. ఆయన నిన్ను బతికించడానికి ఉన్నాడు, నీ ఊరికి కబురు పంపడానికి కాదు.

మరి ఎవరికి చెప్పాలి? నా జవాబులో మొదటి మాట "అమ్మకు చెప్పు" అని రాశాను. ఎందుకంటే చాలా ఇళ్లలో అమ్మ మొదటి గంట తిడుతుంది, రెండో గంట ఏడుస్తుంది, మూడో గంటకు నీళ్లు కాచి అన్నం పెడుతుంది. ఆ మూడో గంట దాకా ఓపిక పట్టాలి. అయితే ప్రతి ఇల్లూ ఒకలా ఉండదు. అమ్మకు చెప్పలేకపోతే మేనత్త ఉంది, చిన్నమ్మ ఉంది, వదిన ఉంది, అమ్మమ్మ ఉంది. ఆశమ్మ, నర్సమ్మ ఉన్నారు. నీకు మంచి టీచరు ఉండవచ్చు. వయసు చూసుకో, మనసు చూసుకో: తిట్టకుండా వినగలదా, విన్నది కడుపులో దాచుకోగలదా, నీతో కలిసి దవాఖానకు రాగలదా? ఈ మూడూ ఉన్న మనిషే నీ ఎలీసబెతు. నీ వయసు స్నేహితురాలికి చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది, నిజమే, కానీ ఆమెకు నీకంటే ఎక్కువ తెలియదు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చేతిలో పెట్టు. ఒక్క వాక్యం చాలు. రెండు రోజుల కంటే ఎక్కువ ఒంటరిగా మోయవద్దు.

ఒక కష్టమైన మాట చెప్పాలి. కొందరు బిడ్డలకు ఈ గర్భం ప్రేమ వల్ల వచ్చింది కాదు. బలవంతం వల్ల వచ్చింది. చేసినవాడు కొన్నిసార్లు ఇంటివాడే, బంధువే, చదువు చెప్పేవాడే, చెప్పడానికి నోరు రాదు గాని ఒక్కోసారి వాక్యం చెప్పేవాడే. అమ్మా, అది నీ పాపం కాదు. నువ్వు ఏ బట్ట కట్టుకున్నావు, ఎక్కడికి వెళ్లావు అనే ప్రశ్నలు ఎవరు అడిగినా జవాబు చెప్పనక్కర లేదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే 1098కి ఫోన్ చేయండి. పెద్దవాళ్లయితే 181 ఉంది. రాత్రయినా పగలయినా ఎత్తుతారు. జిల్లాకొక సఖి కేంద్రం ఉంది. అక్కడ ఉండటానికి చోటు, డాక్టరు, లాయరు, పోలీసు సహాయం ఒకే చోట ఏర్పాటు చేస్తారు.

పద్దెనిమిదేళ్ల లోపు అన్నాను కాబట్టి చట్టం సంగతి కొంచెం చెప్తాను. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని బిడ్డ "నేను ఒప్పుకున్నాను" అన్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలని కూడా ఆ చట్టం అంటుంది. ఇది విని పిల్లలు దవాఖానకే రాకుండా భయపడుతున్నారని గ్రహించి, సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో ఒక మాట చెప్పింది. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు బాలిక, ఆమె పెద్దవాళ్లు కోరితే డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనవసరం లేదు. కనుక పోలీసు భయంతో దవాఖాన మానుకోవద్దు.

ఇక మన ఇళ్లలో జరిగే పని ఒకటుంది. విషయం తెలియగానే వారం తిరక్కుండా పెళ్లి చేసేస్తారు. పిల్లకు పదహారు, పిల్లవానికి పంతొమ్మిది. పరువు నిలబడిందని సంతోషిస్తారు. ఆడపిల్లకు పద్దెనిమిది, మగపిల్లవానికి ఇరవై ఒకటి నిండకుండా చేసేది బాల్యవివాహం. 2006 చట్టం ప్రకారం జరిపించిన పెద్దలకూ, జరిపిన కాపరికీ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. తోటి కాపరులారా, ఈ మాట మీకు కూడా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ఇరవై నుండి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో నూటికి ఇరవై ముగ్గురికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. వీళ్లలో కొందరి పెళ్లి ప్రార్థనతోనే జరిగి ఉంటుంది. బలిపీఠం ముందు నిలబెట్టినంత మాత్రాన పదహారు పద్దెనిమిది అవదు.

పరీక్షలో రెండు గీతలు వచ్చాయి. ఇప్పుడేమిటి? మొదట సర్కారు దవాఖానకు వెళ్లాలి. వికారాబాద్‌లో ఉంది, తాండూరులో ఉంది. ఎన్ని వారాలో స్కానింగులో తేలుతుంది. రక్తం ఎంత ఉందో చూస్తారు. మన కంది చేలల్లో, బండల పాలిషింగు యూనిట్లలో పని చేసే పిల్లల్లో రక్తం తక్కువగా ఉండటం మామూలు. ఏ దారి ఎంచుకున్నా ఈ పరీక్షలు తప్పనిసరి.

నేను కాపరిని. కడుపులోని ప్రాణము దేవుని చేతిపని అని నమ్ముతాను. ఆ సంగతి మీ దగ్గర దాచను. అయితే చట్టం గురించి అబద్ధం చెప్పి, భయపెట్టి ఒక ఆడపిల్లను నా మాటకు తెచ్చుకోవడం కాపరి పని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన దేశంలో గర్భవిచ్ఛిత్తికి 1971 నుండి చట్టం ఉంది, 2021లో దాన్ని సవరించారు. చట్టం చెప్పిన కారణాల మీద ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతోను, అత్యాచారానికి గురైనవారు, మైనర్లు వంటి కొందరికి ఇరవై నాలుగు వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతోను చేయవచ్చు. పెళ్లికాని స్త్రీకి కూడా ఈ వెసులుబాటు వర్తిస్తుందని ఇందాక చెప్పిన 2022 తీర్పులోనే కోర్టు తేల్చింది. పద్దెనిమిది నిండినవారికి వారి సంతకమే చాలు, తండ్రిదో భర్తదో అక్కరలేదు. నిండనివారికి సంరక్షకుల సంతకం కావాలి. పేరు బయటపెట్టిన డాక్టరుకు శిక్ష ఉంది. అనుమతి ఉన్న ఆసుపత్రిలో, అర్హత ఉన్న డాక్టరు చేతనే జరగాలి. ఇంతకంటే నేను చెప్పను. నిర్ణయం తీసుకునే ముందు ప్రార్థనలో గడుపు, నీ ఎలీసబెతుతో మాట్లాడు. ఎవరూ నిన్ను ఇటు గాని అటు గాని మెడపట్టి తొయ్యకూడదు. తొయ్యవద్దని నీ తల్లిదండ్రులకూ చెప్తున్నాను, నీ కాపరికీ చెప్తున్నాను.

బిడ్డను కని పెంచుకుంటానంటే, ఒంటరి తల్లికి కూడా చట్టంలో నిలబడే చోటు ఉంది. తండ్రి పేరు చెప్పమని ఒత్తిడి చేయకుండానే అవివాహిత తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు 2015 జులైలో తీర్పు ఇచ్చింది. జనన ధ్రువపత్రం తల్లి పేరు మీద ఇవ్వాలని కూడా చెప్పింది. పెళ్లి జరగకపోయినా, పుట్టిన బిడ్డకు తండ్రి దగ్గర నుండి భరణం అడిగే హక్కు ఉంది. చదువు మానవద్దు. కాలేజీకి వెళ్లలేని నెలల్లో ఓపెన్ స్కూలు ఉంది.

కంటాను గాని పెంచలేను అనుకుంటే? ఇక్కడ మన తాండూరు సంగతి ఒకటి గుర్తు చేయాలి. యౌవనస్థులకు తెలియకపోవచ్చు. 1999లో, మళ్లీ 2001లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుండి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, కాగితాలు సృష్టించి, దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న వ్యవహారాలు బయటపడ్డాయి. కేసులయ్యాయి, హోములు మూతపడ్డాయి. ఆ రోజుల్లో తాండూరు పేరు పత్రికలకెక్కింది. క్రైస్తవ పేర్లు తగిలించుకున్న సంస్థల పేర్లు కూడా వాటిలో వచ్చాయి. ఆ పసికందులను పట్టుకొచ్చిన మధ్యవర్తులు తల్లులతో ఏమని ఉంటారు? "మాకిచ్చేయమ్మా, మంచి ఇంట్లో పెరుగుతుంది" అని కాదా? ఈ రోజు కూడా ఆ మాట అనేవాళ్లున్నారు. పిల్లలు లేని దంపతులున్నారు, ఆసుపత్రి ఖర్చు మేము పెట్టుకుంటాం, ఎవరికీ తెలియదు అంటారు. నమ్మకండి. అలా చేతులు మారిన బిడ్డకు చట్టంలో తల్లీ లేదు, తండ్రీ లేదు, అమ్మినట్టు కేసు మాత్రం నీ మీద ఉంటుంది.

సరైన దారి వేరే ఉంది. ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఉంది. 2016 అక్టోబరులో వికారాబాద్ వేరే జిల్లా అయింది కనుక దీని కోసం రంగారెడ్డి వైపు వెళ్లే పని లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం తల్లి ఆ సమితి ముందుకు వెళ్లి, బిడ్డను అప్పగిస్తానని చెప్పవచ్చు. వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ తరువాతే కాగితం రాయించుకుంటారు. రాశాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంది. ఒక తల్లి మనసును ఎరిగినవాడెవడో ఆ రెండు నెలలు చట్టంలో పెట్టించాడని నేననుకుంటాను. నీ పేరు రహస్యంగా ఉంటుంది. దత్తత ఆ తరువాత పద్ధతి ప్రకారం జరుగుతుంది. ముళ్లపొదల్లో, రైల్వే స్టేషన్లలో పసికందులు దొరికారని చదివినప్పుడల్లా, ఈ దారి ఉందని ఆ తల్లికి ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

తమ్ముళ్లారా, మీ గురించి మరచిపోలేదు. ఆదికాండము ముప్పై ఎనిమిదో అధ్యాయం మన ఆదివారపు బడిలో ఎవరూ చెప్పరు, మీరే చదువుకోండి. తామారు గర్భవతి అని తెలిసి, యూదా ఏమన్నాడు? బయటికి ఈడ్చుకొచ్చి కాల్చివేయమన్నాడు. అప్పుడామె ఆ ముద్ర, ఆ దారము, ఆ కఱ్ఱ పంపించి, ఇవి ఎవరివో గుర్తుపట్టమంది. అవి అతనివే. ఊరందరి ముందు తీర్పు తీర్చిన మనిషే ఆ గర్భానికి కారకుడు. యూదాలో నాకు నచ్చేది ఒకటే, గుర్తుపట్టాక బుకాయించలేదు, ఆమె కంటే తనదే తప్పని ఒప్పుకున్నాడు. మరి నువ్వు? నంబరు బ్లాక్ చేశావా? హైదరాబాద్‌లో పని దొరికిందని వెళ్లిపోయావా? "నాదే అని గ్యారంటీ ఏంటి" అని అడిగావా? ఆ ప్రశ్న అడిగినవాడికి జవాబు డీఎన్‌ఏ పరీక్షలో వస్తుంది, ఆ తరువాత కోర్టులో వస్తుంది. పెళ్లి చేసుకుంటానని మోసపు మాట ఇచ్చి కలవడం 2024 జులై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వేరే నేరమే. అది వద్దు. ఆమె ఫోను ఎత్తు. దవాఖానకు వెళ్లేటప్పుడు బయట బల్ల మీదైనా కూర్చో. ఖర్చు పెట్టు. నీ అమ్మానాన్నలకు నువ్వే చెప్పు, ఆమె చేత చెప్పించకు.

సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, మీతో కూడా ఒక మాట. ఒక సంఘములో ఇటువంటి సంగతి జరిగితే, ఆ పిల్ల పేరు ఆదివారం ఆరాధనలో చదివి, ప్రభురాత్రి భోజనము నుండి వెలివేశారు. ఆ పిల్లవాడు అదే ఆరాధనలో కీబోర్డు వాయిస్తున్నాడు. దీన్ని క్రమశిక్షణ అంటారా? యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో ఆ స్త్రీని పట్టుకొచ్చినప్పుడు కూడా పురుషుడు కనబడడు, గమనించారా? రాళ్లు ఎప్పుడూ ఒకవైపే పడుతున్నాయి. ఆ పేరు చదివిన ఆదివారం ఆ గుడిలో కూర్చున్న ఇంకో పది మంది ఆడపిల్లలు ఒక పాఠం నేర్చుకున్నారు: మనకేదైనా జరిగితే ఇక్కడ చెప్పకూడదు. ఆ పాఠం ప్రాణం తీస్తుంది.

మనది వ్యవసాయపు ప్రాంతం. ప్రతి ఇంట్లో చేనుకు కొట్టే మందు డబ్బా ఉంటుంది. దాన్ని తాళం వేసి పెట్టండి, తాళం చెవి మీ దగ్గర ఉంచుకోండి. ఇంట్లో పిల్ల తినడం మానేసినా, ఎవరితో మాట్లాడకుండా తిరుగుతున్నా, ఊరికే ఏడుస్తున్నా, చచ్చిపోతానని నవ్వుతూ అన్నా సరే, ఒంటరిగా వదలకండి. "ఏం జరిగినా నువ్వు మా బిడ్డవే" అని ఆ రోజే చెప్పండి. కారణం తరువాత అడగవచ్చు. బిడ్డా, నీకే ఆ ఆలోచన వస్తుంటే, ఇప్పుడే 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. నీ ఎలీసబెతు దొరికేదాకా వాళ్లతో మాట్లాడుతూ ఉండు.

వెనకటి రోజుల్లో మన మెథడిస్టు సంఘములలో బైబిలు స్త్రీలు ఉండేవారు. భుజాన సంచి వేసుకుని ఊరూరా నడిచేవారు. పాటలు నేర్పేవారు, పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. మగవాళ్ల ముందు చెప్పుకోలేనివన్నీ ఆడవాళ్లు వాళ్లకు చెప్పుకునేవారు. ఇప్పుడు మనకు సౌండు సిస్టమ్ ఉంది, ప్రొజెక్టరు ఉంది, ఆ మనిషి లేదు. ప్రతి సంఘములో నోరు కట్టుకోగలిగిన ఒక స్త్రీని ఏర్పాటు చేసుకోలేమా? పాస్టరమ్మే కానక్కర లేదు, రిటైరయిన నర్సయినా, టీచరయినా సరే. ఆమె ఫోను నంబరు గుడి తలుపు మీద అంటించండి. ఏ సంగతికో రాయనక్కర లేదు, "ఆడపిల్లలు మాట్లాడవచ్చు" అని రాస్తే అర్థమవుతుంది. నవంబరులో ధారూరు జాతరకు వేల కుటుంబాలు గుడారాలు వేసుకుంటాయి. మిఠాయి కొట్లున్నాయి, గాజుల కొట్లున్నాయి. యువతులు వచ్చి కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక్క గుడారం, అందులో ఇద్దరు నర్సమ్మలు, ఇది పెద్ద ఖర్చు పని కాదు. స్త్రీల సమాజము వారు ఈ మాట ఆలోచించాలని కోరుతున్నాను.

ప్రార్థన చేసుకుందాం.

కృపగల తండ్రీ, ఈ రాత్రి ఒక బిడ్డ తలుపు గడియ వేసుకుని పట్టీ చేతిలో పట్టుకుని ఉంది. ఆమెకు తోడుగా ఉండు. పక్క గదిలో ఉన్న తల్లికి మెలకువ ఇవ్వు, ఆమె నోటికి నెమ్మది ఇవ్వు. పారిపోయిన పిల్లవానికి వెనక్కి వచ్చే ధైర్యం ఇవ్వు. దవాఖానలలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టర్లను, నర్సులను, మా ఊళ్ల ఆశమ్మలను బలపరచు. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.